ఫ్యాక్టరీ పైకప్పు మీద సోలార్ ఎలా పెట్టాలి?

ఫ్యాక్టరీకి సోలార్ అనగానే అందరూ ముందు అడిగేది ప్యానెల్ ఏ కంపెనీది, ఎన్ని వాట్లది అని. ప్యానెల్ పాడై ప్లాంటు ఆగిపోవడం నేను చూసింది తక్కువ. కేబుల్ చివర కనెక్టర్ సరిగ్గా వేయక కాలిపోయినవే ఎక్కువ. అందుకే మిగతా పనులు గబగబా చెప్పి, కనెక్టర్ దగ్గర ఆగుతాను.

1. లోడ్ తెలుసుకోండి

నెల బిల్లు చూసి సైజు తేల్చకండి. మీటర్లో 15 నిమిషాలకోసారి నమోదయ్యే రీడింగులు ఏడాదివి తీయించండి. సెలవు రోజు మధ్యాహ్నం ఎంత లోడ్ ఉందో తప్పకుండా చూడండి. మిగిలిన కరెంటు గ్రిడ్‌కి పంపే అనుమతి లేకపోతే ఆ రోజు ఇన్వర్టర్లు (ప్యానెళ్ల డీసీ కరెంటును ఏసీగా మార్చే యంత్రాలు) ఉత్పత్తి తగ్గించుకోవాల్సిందే.

2. పైకప్పు చూపించండి

ప్యానెళ్లు, వాటి ఫ్రేము కలిపి చదరపు మీటరుకు సుమారు 15 కిలోలు ఉంటాయి. ఆ బరువు కన్నా గాలి వాటిని పైకి లాగే బలం గురించే ఎక్కువ ఆలోచించాలి. స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం లేకుండా పని మొదలుపెట్టకండి. స్క్రూలు రేకులోకి మాత్రమే కాదు, కింద రేకును మోసే అడ్డదూలం, అంటే పర్లిన్‌లోకి దిగాలి. ఆస్‌బెస్టాస్ రేకులైతే డ్రిల్ పెట్టకండి, ముందు రేకులు మార్చండి. వెలుతురు కోసం వేసిన ప్లాస్టిక్ రేకుల చుట్టూ పని మొదలవక ముందే అడ్డు కట్టండి. అవి మనిషి బరువు ఆపవు.

ప్యానెళ్లను రేకు వాలు మీదే పడుకోబెట్టండి. కాస్త ఎక్కువ కరెంటు వస్తుందని స్టాండ్లు పెట్టి లేపితే గాలి పట్టు పెరుగుతుంది, వరసకీ వరసకీ మధ్య నీడ పడకుండా చోటు వదలాలి. మనుషులు నడిచే దారి మాత్రం వదిలే తీరాలి. దారి లేని ప్లాంటును ఎవరూ కడగరు.

3. ఇన్వర్టర్లు, స్ట్రింగులు

ఒకే పెద్ద ఇన్వర్టర్ వద్దు, చిన్నవి ఎక్కువ పెట్టండి. ఒకటి ఆగినా మిగతావి నడుస్తాయి. స్ట్రింగులో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపిన ప్యానెళ్ల వరసలో, ఎన్ని ప్యానెళ్లు ఉండాలో ఎండాకాలం లెక్కతో తేల్చకూడదు. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ తగ్గితే ప్యానెల్ వోల్టేజి సుమారు 0.3 శాతం పెరుగుతుంది. బాగా చలిగా ఉన్న ఉదయం కూడా స్ట్రింగు మొత్తం వోల్టేజి ఇన్వర్టర్ గరిష్ఠ వోల్టేజి దాటకూడదు.

4. కనెక్టర్లు: ఇక్కడ తొందర పడకండి

550 వాట్ల ప్యానెళ్లు 900 అనుకుందాం. 18 చొప్పున 50 స్ట్రింగులు. ప్యానెల్‌తో వచ్చే కనెక్టర్లు ఫ్యాక్టరీలో మెషిన్ మీద వేసినవి, వాటితో పెద్ద టెన్షన్ లేదు. కానీ ప్రతి స్ట్రింగు నుంచి ఇన్వర్టర్ దాకా రెండు కేబుళ్లు, ఒక్కో కేబుల్‌కి రెండు చివరలు. అంటే ఎర్రటి ఎండలో రేకు మీద కూర్చుని చేత్తో వేయాల్సినవి 200. వాటిలో ఒక్కటి తేడాగా ఉన్నా చాలు.

ఎందుకంటే ఆ కేబుల్లో సుమారు 13 ఆంపియర్లు పోతాయి. జాయింట్లో అర ఓమ్ అడ్డు వచ్చినా 80 వాట్లకు పైగా వేడి పుడుతుంది. మామూలు సోల్డరింగ్ ఐరన్లు చాలావరకు అంతకన్నా తక్కువ వాట్లవే. బొటనవేలంత ప్లాస్టిక్‌లో రోజంతా అంత వేడి ఉంటే అది కరగక ఏం చేస్తుంది? పైగా ఇది డీసీ. 50 హెర్ట్జ్ ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి నిప్పురవ్వ తెగే అవకాశం ఉంది. డీసీలో ఆ నిప్పురవ్వ, అంటే ఆర్క్, మొదలైతే దానంతట అది సులువుగా ఆగదు.

ఒక ఫ్యాక్టరీలో ఉత్పత్తి తగ్గిందని పిలిస్తే వెళ్లాను. ప్యానెళ్లు తళతళలాడుతున్నాయి. వరస కింద చేయి పెట్టి చూస్తే ఒక కనెక్టర్ సగం కరిగి గోధుమ రంగుకు తిరిగింది, రేకు మీద నల్లటి మరక. కోసి చూస్తే లోపలి పిన్నును కటింగ్ ప్లేయర్‌తో నొక్కి ఉంది, రాగి తీగల్లో సగం దాని బయటే ఉన్నాయి. ఆ రేకు కింద అట్టపెట్టెల గోడౌను.

అందుకే ఇలా చేయండి. మగ, ఆడ కనెక్టర్లు రెండూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి కావాలి. ‘ఎమ్‌సి4తో సరిపోతుంది’ అని డబ్బా మీద రాసి ఉందని నమ్మకండి (ఎమ్‌సి4 అంటే సోలార్‌లో ఎక్కువగా వాడే కనెక్టర్ రకం). క్లిక్‌మని పడినంత మాత్రాన లోపలి లోహాలు సరిగ్గా కలిసినట్టు కాదు. ఐఈసీ 62548 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఒకే తయారీదారువే వాడమంటుంది. ప్యానెల్‌కి ఏ కనెక్టర్ వచ్చిందో చూసి, అదే విడిగా కొనండి.

కేబుల్ తొక్క తీసేటప్పుడు ఒక్క తీగ కూడా తెగకూడదు. తెగితే ఆ చివర కోసేసి మళ్లీ తీయండి. పిన్నును దానికి సరిపడే క్రింపింగ్ టూల్‌తోనే నొక్కండి. నొక్కాక గట్టిగా లాగి చూడండి. తర్వాత బాడీలోకి తోస్తే క్లిక్ వినపడాలి, మళ్లీ వెనక్కి లాగితే రాకూడదు. వెనక నట్టును తయారీదారు చెప్పిన టార్క్‌కే బిగించండి. వదులైతే నీళ్లు దిగుతాయి, మరీ బిగిస్తే లోపలి రబ్బరు చితుకుతుంది.

పని సగంలో ఆపి వెళ్తుంటే తెరిచి ఉన్న ప్రతి కనెక్టర్‌కీ మూత పెట్టండి. కలిపిన వాటిని రేకుకు తగలకుండా ఫ్రేముకు కట్టండి. లోడ్ మీద ఉండగా ఎప్పుడూ ఊడదీయకండి. ఇన్వర్టర్ ఆపి, డీసీ స్విచ్ తీసి, డీసీ క్లాంప్ మీటర్లో సున్నా చూశాకే చేయి పెట్టండి.

వేసిన ప్రతి కనెక్టర్‌కీ నంబరు రాయించండి, పక్కన వేసిన మనిషి పేరుతో సహా. ఇలా రాయించే చోట పని తీరే మారిపోతుంది.

5. ఫ్యాక్టరీ ఎలక్ట్రికల్ ప్యానెల్‌కి కలపడం

మామూలు సెట్టింగులో సోలార్ కిలోవాట్లు మాత్రమే ఇస్తుంది, మోటార్లలో అయస్కాంత క్షేత్రానికి కావాల్సిన రియాక్టివ్ పవర్ గ్రిడ్ నుంచే వస్తుంది. 500 కిలోవాట్ల లోడ్ 0.95 పవర్ ఫ్యాక్టర్ (తీసుకునే మొత్తం పవర్‌లో నిజంగా పని చేసే వంతు)‌తో నడుస్తోందనుకోండి. సోలార్ 350 ఇస్తే గ్రిడ్ మీటర్‌కి కనిపించే పవర్ ఫ్యాక్టర్ సుమారు 0.67కి పడిపోతుంది. పవర్ ఫ్యాక్టర్ సరిచేసే కెపాసిటర్ ప్యానెల్ సీటీ (కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్) గ్రిడ్ వైపు ఉందో లేదో చూసుకోండి, ఇన్వర్టర్ల రియాక్టివ్ సెట్టింగు సరిచేయించండి. డీజిల్ జనరేటర్‌తో కలిసి నడవాలంటే కంట్రోలర్ ఉండాల్సిందే. జనరేటర్ మీద కనీసం 30 శాతం లోడ్ మిగిలేలా అది సోలార్‌ను తగ్గించాలి.

6. ఆన్ చేసే ముందు, తర్వాత

ప్రతి స్ట్రింగుకీ పోలారిటీ (ప్లస్, మైనస్ సరిగ్గా ఉన్నాయా అని), ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (లోడ్ కలపకముందు వోల్టేజి), ఇన్సులేషన్ రెసిస్టెన్స్ (కరెంటు లీకవకుండా ఆపే అడ్డు) కొలిచి రాసుకోండి. ఆన్ చేసి నెల గడిచాక, మంచి ఎండలో, అంటే చదరపు మీటరుకు 600 వాట్లు దాటినప్పుడు, థర్మల్ కెమెరాతో కనెక్టర్లన్నీ చూడండి. ఆ తర్వాత ఏడాదికోసారి. ఒకే కరెంటు పోయే పక్కదాని కన్నా ఏదైనా వేడిగా కనిపిస్తే బిగించి వదిలేయకండి. ఆ స్ట్రింగు ఆపి, రెండు వైపులా కోసేసి కొత్తవి వేయండి.