హాలోవీన్ గుమ్మడికాయను అడుగు నుంచి కోయండి

అమెరికాలో ఉన్నవాళ్లు అక్టోబరు 31న వచ్చే హాలోవీన్ పండుగకు గుమ్మడికాయ మీద ముఖం చెక్కి, లోపల దీపం పెడుతుంటే ఈ ఒక్క మార్పు చేసి చూడండి. అందరూ తొడిమ చుట్టూ మూతలా కోస్తారు. రెండు రోజుల్లో ఆ మూత వడలి, కుంచించుకుపోయి లోపలికి జారిపోతుంది. అదే అడుగున గుండ్రంగా కోస్తే తొడిమ చెక్కుచెదరదు. దీపాన్ని నేల మీద పెట్టి కాయను పైనుంచి బోర్లిస్తే సరిపోతుంది.

లోపలి పీచును గట్టి గరిటెతో పూర్తిగా గీకేయండి. పీచు, తడి మిగిలితే బూజు త్వరగా పడుతుంది. ముఖం చెక్కే వైపు గోడ ఒక అంగుళం మందం ఉంటే కత్తి సులభంగా దిగుతుంది, వెలుగూ బాగా వస్తుంది. చెక్కాక, నాలుగు లీటర్ల నీళ్లలో ఒక టేబుల్ స్పూను బ్లీచ్ కలిపి కోసిన అంచులకు పట్టించి, పూర్తిగా ఆరనివ్వండి. కొవ్వొత్తి వేడికి కాయ లోపల ఉడికినట్లయి మెత్తబడుతుంది, బ్యాటరీ దీపమే మేలు. ఇంత చేసినా చెక్కిన కాయ వారానికి మించి నిలవడం కష్టం, కాబట్టి పండుగకు రెండు మూడు రోజుల ముందు మాత్రమే కోయండి.

చిన్నపిల్లలుంటే అసలు కోయకండి. కాయను కడిగి, తుడిచి, అక్రిలిక్ రంగులు వేయించండి. తొక్క తెగలేదు కనుక చల్లని చోట వారాల తరబడి ఉంటుంది. నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం.

గింజలు మాత్రం పారేయకండి. కడిగి, ఆరబెట్టి, ఉప్పూ కారం వేసి వేయించుకోండి. చెక్కుడు కాయల గుజ్జులో నీరెక్కువ, రుచి తక్కువ. దప్పళానికి వేరే కాయ కొనుక్కోండి.