హ్యాండ్‌బాల్ ఎలా ఆడాలి? ముఖ్యంగా ఆ జంప్ షాట్ ఎలా కొట్టాలి?

మండలం సెలక్షన్స్ ఇంకో వారం ఉన్నాయనగా కబడ్డీ టీమ్‌లో మిగిలిపోయిన నలుగుర్ని, క్రికెట్ ఆడే ముగ్గుర్ని కలిపేసి ఇదిగో హ్యాండ్‌బాల్ టీమ్ అనేయడం మన స్కూళ్లలో మామూలే. వాళ్లు గ్రౌండ్‌లోకి దిగిన కాసేపటికే రిఫరీ విజిల్ ఊది ఊది అలిసిపోతాడు, స్టెప్స్, లైన్, పుషింగ్, మళ్లీ స్టెప్స్. చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నా. బాల్‌ని చేత్తో పాస్ చేసుకుంటూ వెళ్లి ఎదుటి టీమ్ గోల్‌లోకి విసరడం, నిజానికి ఆట అంత కష్టమేం కాదు, జంప్ షాట్, అంటే పైకి ఎగిరి గాల్లో ఉండగానే గోల్‌కి విసరడం, అదొక్కటే సరిగ్గా నేర్చుకోవాలి, అందుకే మిగతావి గబగబా చెప్పేసి దాని దగ్గర ఆగుతా.

కోర్టు, బాల్

కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. గోల్ పోస్ట్ 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. గోల్ ముందు 6 మీటర్ల దగ్గర నిండు గీత, దాని లోపలి చోటే డీ. 9 మీటర్ల దగ్గర ముక్కలు ముక్కలుగా ఇంకో గీత, మధ్యలో 7 మీటర్ల దగ్గర పెనాల్టీకి చిన్న గీత. మట్టి గ్రౌండ్ అయితే సున్నంతో వేసుకోండి, కానీ డీ మాత్రం టేపు పెట్టి కొలవండి. పోస్ట్ లోపలివైపు వెనక మూల దగ్గర తాడు పట్టుకుని 6 మీటర్ల దూరంలో తిప్పితే ఒక వైపు వంపు వస్తుంది, రెండో పోస్ట్ దగ్గరా అంతే, మధ్యలో 3 మీటర్లు తిన్నగా కలిపేయాలి. అడుగులతో అంచనాగా గీసిన డీ మీద ప్రాక్టీస్ చేసినవాళ్లు అసలు కోర్టు మీదకెళ్లాక ప్రతి షాట్‌కీ గీత తొక్కుతారు.

అన్నట్టు, బయట మట్టిలో ఆడేది హ్యాండ్‌బాలే కాదు, ఇది ఇండోర్ గేమ్ అనే మేధావులు కొందరుంటారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో దీన్ని పచ్చిక గ్రౌండ్‌లోనే, పదకొండు మందితో ఆడారండి, ఏడుగురి ఇండోర్ ఆట ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1972 మ్యూనిక్‌లో. కాబట్టి మట్టి గురించి బాధపడకండి.

బాల్ విషయంలో మాత్రం రాజీ లేదు. మూడో సైజు, అంటే చుట్టుకొలత 58 నుంచి 60 సెంటీమీటర్లు ఉండేది, 16 దాటిన అబ్బాయిలకి. 14 దాటిన అమ్మాయిలకి, 12 నుంచి 16 లోపు అబ్బాయిలకి రెండో సైజు. ఇంకా చిన్నపిల్లలకి ఒకటో సైజు. స్టోర్ రూమ్‌లో ఏది దొరికితే అది ఇచ్చేసి ఎనిమిదో క్లాస్ పిల్లాడికి మూడో సైజు అంటగడితే ఏమవుతుందో కింద చెప్తా. మట్టి గ్రౌండ్‌లో పట్టు కోసమని బాల్‌కి జిగురు పూయకండి, దుమ్మంతా అంటుకుంటుంది, ఒక పాత గుడ్డ దగ్గర పెట్టుకుని తుడుస్తుంటే చాలు.

ఆడేముందు తెలియాల్సినవి

గోలీ, అంటే గోల్ కీపర్‌తో కలిపి ఏడుగురు. అర్ధ గంట చొప్పున రెండు హాఫ్‌లు, చిన్నపిల్లలకి తగ్గిస్తారు. బాల్‌తో మూడు స్టెప్స్, చేతిలో మూడు సెకన్లు, ఒకసారి డ్రిబుల్ (బాల్‌ని నేలకేసి కొడుతూ వెళ్లడం) ఆపి పట్టుకుంటే మళ్లీ డ్రిబుల్ లేదు. మోకాలి కింద బాల్ తగలకూడదు, గోలీకి మాత్రం డీ లోపల కాలు అడ్డం పెట్టి ఆపుకునే వీలుంది. డీ లోపల కాలు పెట్టే హక్కు గోలీకి తప్ప ఎవరికీ లేదు, గీత తొక్కినా లోపల ఉన్నట్టే.

నా దగ్గర మొదటి నెల డ్రిబుల్ పూర్తిగా బంద్. మట్టిలో బాల్ ఎటు లేస్తుందో బాల్‌కే తెలీదు, పైగా డ్రిబుల్ అలవాటైనవాడు తల దించుకుని ఒక్కడే వెళ్లి డిఫెన్స్‌లో ఇరుక్కుంటాడు. పాస్ ఇవ్వండి. ఎదుటోడు విసిరే చేతివైపు, ఛాతీకీ భుజానికీ మధ్య ఎత్తులో. పట్టేవాడు రెండు చేతులతో, వేళ్లు తెరిచి, నిలబడి కాకుండా ముందుకి వస్తూ పట్టాలి. ఈ ఆఖరి మాట గుర్తుంచుకోండి, షాట్ అంతా దీని మీదే నడుస్తుంది.

జంప్ షాట్, ఇక్కడ తొందరపడొద్దు

ముందు బాల్ పక్కన పెట్టేయండి. అవును, బాల్ లేకుండానే. డీ బయట మూడు చెప్పులు వరసగా పెట్టండి, రెండింటి మధ్య మామూలు దూరం, మూడోది కాస్త ఎక్కువ దూరంలో. కుడిచేతి వాటం అయితే ఎడమ, కుడి, ఎడమ. మూడోసారి ఎడమ కాలు మడమ ముందు ఆని, మోకాలు కొంచెం వంగి, అక్కడి నుంచి పైకి లేవాలి. కుడి మోకాలు పైకి రావాలి, దిగేటప్పుడు మళ్లీ ఎడమ కాలి మీదే. ఎడమచేతి వాటం వాళ్లకి ఇదంతా రివర్స్. ఆలోచించకుండా కాళ్లు వాటంతటవే పడేదాకా ఇదే చెయ్యండి, బోర్ కొట్టినా సరే.

కుడి కాలితో మొదలుపెట్టారనుకోండి, మూడో స్టెప్ కూడా కుడి కాలే అవుతుంది, ఏ చేత్తో విసురుతున్నారో అదే కాలి మీద ఎగురుతారు, నడుము తిరగదు, బలమంతా ఒక్క చెయ్యి మీదే పడుతుంది. లేదా గాభరాలో ఇంకో స్టెప్ వేసి ఎడమకి మారతారు, విజిల్. సెలక్షన్స్‌లో పోయే బాల్స్‌లో ఎక్కువ ఇలాగే పోతాయి. ఇక్కడ చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది, బాల్‌ని గాల్లో ఉండగా పట్టుకుంటే నేల మీద మొదట ఆనిన కాలు స్టెప్ కింద లెక్క కాదు, అంటే కుడి కాలి మీద దిగి ఆ తర్వాత ఎడమ, కుడి, ఎడమ హాయిగా వేసుకోవచ్చు. ఒక కాలు నేల మీద ఉండగానే పట్టారా, రెండో కాలు ఆనగానే అది ఒకటో స్టెప్. నిలబడి పట్టేవాడికి ఈ లాభం ఉండదు, వాడికి స్పీడూ ఉండదు.

కొందరు సార్లు ముందు నిలబడి షాట్ కొట్టించి, బాగా వచ్చాక జంప్ కలుపుతారు. నేను ఒప్పుకోను. నిలబడి విసరడం మనోళ్లకి క్రికెట్‌లోనే వచ్చేసింది, కొత్తగా నేర్పాల్సింది కాళ్లే, చెయ్యి ముందు అలవాటైతే కాళ్లు దాని వెనక ఈడ్చుకుంటూ వస్తాయి. తర్వాత సరిచేయడానికి డబుల్ టైమ్.

ఇప్పుడు చెయ్యి. మోచెయ్యి భుజం ఎత్తులో గానీ, ఇంకా పైన గానీ ఉండాలి, బాల్ తల వెనక్కి వెళ్లాలి, వేళ్లు బాల్ వెనక ఉండాలి, ఎడమ చెయ్యి ముందుకి, ఎడమ భుజం గోల్ వైపు. మోచెయ్యి జారిందంటే బాల్‌ని షాట్‌పుట్ గుండులా తోస్తున్నట్టే, అందులో స్పీడ్ ఉండదు, ఆపై భుజం నొప్పి. పైన బాల్ సైజు గురించి అంత గొడవ చేసింది ఇందుకే, పెద్ద బాల్ చిన్న చేతిలో పట్టు దొరకదు, పడిపోకుండా అరచెయ్యి కిందకి పెడతాడు, అరచెయ్యి కిందకెళ్తే మోచెయ్యి కూడా దిగిపోతుంది. పిల్లాడిని తిట్టి లాభం లేదు, బాల్ మార్చండి.

ఇక టైమింగ్. నేల వదలగానే కొట్టేస్తే డిఫెండర్ చేతులకి తగులుతుంది, కిందకి దిగుతూ కొడితే బలం ఉండదు, బాల్ వదిలేలోపు కాలు డీలో ఆనితే గోల్ పడ్డా ఇవ్వరు. పైన, ఇక ఎగరలేం అన్న చోట కొట్టాలి. నేను గట్టిగా అనిపిస్తా, ఒకటి, రెండు, మూడు, ఆగు, కొట్టు. ఆ "ఆగు" నోటితో అనాల్సిందే, మనసులో అనుకుంటే కుదరదు, సిగ్గుపడేవాడు తొందరగా కొట్టేస్తూనే ఉంటాడు. గీత బయట నుంచి ఎగిరి, గాల్లో ఉండగా బాల్ వదిలేసి, తర్వాత డీలో పడితే తప్పేం లేదు. అందుకే ఏడు, ఏడున్నర మీటర్ల దగ్గర నుంచి లేవండి, గీత పక్కనే లేవాలని చూస్తే బొటనవేలు తగలడం ఖాయం.

చివరగా డిఫెండర్‌ని పెట్టండి, కానీ వాడు చేతులెత్తి నిలబడాలి అంతే, కదలకూడదు, ముట్టుకోకూడదు. గాల్లో ఉన్నవాణ్ణి పక్క నుంచో వెనక నుంచో తోస్తే బ్యాలెన్స్ ఉండదు, మోకాలో నడుమో పోతుంది, మ్యాచ్‌లో అయితే రెడ్ కార్డ్ దాకా వెళ్తుంది. ప్రాక్టీస్‌లో సరదాకి తోసినా ఆ రోజుకి ఇంటికి పంపించేయండి.

ఎక్కడ కొట్టాలంటే, మట్టి గ్రౌండ్‌లో గోలీ పాదాల పక్కన నేలకేసి. అక్కడ బాల్ ఎటు లేస్తుందో వాడికీ తెలీదు. 2023లో జైపూర్‌లో జరిగిన ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగ్‌లో మన తెలుగు టాలన్స్ ఆడింది కదా, ఆ వీడియోలు దొరికితే బాల్‌ని కాదు, కాళ్లని చూడండి.

డిఫెన్స్, గోలీ

ఆరుగురూ డీ గీత వెంట చేతులెత్తి నిలబడటంతో మొదలుపెట్టండి, మిగతా పద్ధతులు తర్వాత. మోచేతులు మడిచి, ఛాతీతో ఎదురెళ్లి అడ్డం నిలవొచ్చు. కబడ్డీ నుంచి వచ్చినవాళ్లు నడుము పట్టేస్తారు, పట్టుకున్నా లాగినా రెండు నిమిషాలు బయటికి పంపొచ్చు, అలా మూడోసారి పంపితే మ్యాచ్ మొత్తం బయటే. గోలీగా లావుగా ఉన్నవాణ్ణి పెట్టే అలవాటు మానండి, బాల్ మొహం మీదకొచ్చినా కళ్లు మూసుకోనివాణ్ణి పెట్టండి.

ఇంకోటి, గోల్ కొట్టగానే సంబరాలొద్దు. గోల్ తిన్న టీమ్ బాల్‌ని సెంటర్‌కి తెచ్చుకుని విజిల్ పడగానే మొదలుపెట్టేయొచ్చు, మీరు వెనక్కి చేరారా లేదా అని వాళ్లు ఆగక్కర్లేదు.