చేతిలో ఉన్న చెక్క ఏ చెట్టుదో గుర్తుపట్టడం ఎలా?

తెలియని చెక్క దొరకగానే ఎవరైనా ముందు చూసేది రంగే. అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేదీ అదే. వెలుతురు తగిలి పడౌక్ ఎర్రదనం పోయి గోధుమ రంగుకు తిరుగుతుంది, చెర్రీ ముదురుతుంది, ఆరుబయట పడి ఉన్న చెక్క ఏదైనా బూడిద రంగుకొస్తుంది. ఇక చవక చెక్కకు రంగు పూసి ఉంటే చెప్పేదేముంది! చెట్టును పట్టిచ్చేది అడ్డకోత ముఖం, అంటే దుంగను అడ్డంగా కోసినప్పుడు వలయాలు కనిపించే వైపు.

కావలసినవి: 10 రెట్లు పెద్దగా చూపే లూప్ (మామూలు భూతద్దం చాలదు), కొత్త బ్లేడు, 1 గ్రాము తేడా చూపే త్రాసు, స్కేలు, గ్లాసు నీళ్లు.

1. అసలు చెక్కేనా?
పైన కనిపించే చారలు అంచు దాటి పక్క ముఖంలోకి సాగాలి. అంచు దగ్గరే తెగిపోతే అది పైన అతికించిన పలచటి వెనీర్. కొసన పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్. పాత కలప మీద ఆకుపచ్చ ఛాయ ఉంటే ఆర్సెనిక్ కలిసిన మందు ఎక్కించి ఉండొచ్చు. దాన్ని రుద్దొద్దు, కాల్చొద్దు, పక్కన పెట్టేయండి.

2. ముఖం సిద్ధం చేయడం
సగం మంది ఇక్కడే తప్పుతారు. రంపం కోసిన ముఖం మీద పీచు నలిగి, పొట్టు రంధ్రాల్లో కూరుకుని ఉంటుంది. ఎంత మంచి లూప్ పెట్టినా ఏమీ కనబడదు. ముందు ఆ ముఖాన్ని 2–3 మిల్లీమీటర్లు తీసేయండి. ఒక మూలన 1 సెంటీమీటరు చదరం చోటు తడిపి, నిమిషం ఆగి, బ్లేడును దాదాపు పడుకోబెట్టి పక్కకు జారుస్తూ పలచటి పొర తీయండి. బ్లేడు కాస్త మొండిదైనా గీతలు పడతాయి, వాటినే చెక్కలోని కిరణాలనుకుని (దుంగ నడిమధ్య నుంచి బెరడు వైపు సాగే సహజమైన గీతలు) పొరబడతారు. బ్లేడుకు లొంగని చెక్కను 220తో మొదలుపెట్టి 600 నంబరు ఉప్పు కాగితం దాకా రుద్ది, దుమ్ము దులపండి.

3. లూప్‌తో చూడటం
లూప్‌ను కంటికి దగ్గరగా పట్టుకుని, చెక్కనే దగ్గరికి తెచ్చుకోవాలి. కనీసం రెండు మూడు వలయాలైనా పరిశీలించండి.

రంధ్రాలు అసలే లేకపోతే పైన్, సైప్రస్ లాంటి సూదాకుల చెట్టు. వాటిలోనూ పైన్‌కు అక్కడక్కడా జిగురు నాళాల చుక్కలుంటాయి, సైప్రస్‌కు ఉండవు.

రంధ్రాలుంటే వాటి అమరిక చూడండి. టేకు, ఓక్, యాష్‌లలో ప్రతి వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరుస కడతాయి. మేపుల్, బీచ్, మామిడిలో వలయమంతా ఇంచుమించు ఒకేలా పరుచుకుని ఉంటాయి. వాల్‌నట్‌లో పెద్దవి క్రమంగా చిన్నవవుతాయి.

తర్వాత కిరణాలు చూడండి. ఓక్‌లో ఇవి వట్టి కంటికే కనిపించేంత వెడల్పు. యాష్‌లో లూప్ కావాలి. ఒకదాన్ని చూసి మరొకటనుకునే ఈ రెంటినీ విడదీయడానికి ఇదొక్కటి చాలు. రంధ్రాల చుట్టూ ఉండే లేత రంగునూ వదలొద్దు: దిరిసెనలో అది కన్ను ఆకారంలో తేలుతుంది.

4. తూకం
ఎండిన చేవ (దుంగ లోపలి ముదురు భాగం) నుంచే ముక్క తీసుకోండి. 10×5×2 సెంటీమీటర్ల ముక్క 100 ఘన సెంటీమీటర్లు. అది 65 గ్రాములు తూగితే సాంద్రత 0.65. టేకు ఆ దరిదాపుల్లో ఉంటుంది, రోజ్‌వుడ్ 0.8 దాటుతుంది, ఎర్రచందనం చేవ నీళ్లలో మునుగుతుంది. పచ్చి చెక్కతో ఈ లెక్క పనికిరాదు. ఒకే జాతిలోనూ తేడాలుంటాయి కాబట్టి తూకంతో కానివాటిని కొట్టేయొచ్చు గానీ, పేరు ఖాయం చేయలేం.

5. వాసన, నీళ్లు
చిత్రిక పట్టి తాజా ముఖాన్ని వాసన చూడండి. టేకు తోలు వాసన వేస్తుంది, తాకితే కాస్త జిడ్డుగా ఉంటుంది. వేగిస చేవ పొట్టును నీళ్లలో నానబెట్టి, గ్లాసు వెనక నల్ల కాగితం పెట్టి వెలుతురులో చూస్తే నీలి మెరుపు కనిపిస్తుంది. ఓక్ అయితే వేలెడు ముక్కను ఒక కొస నీళ్లలో ముంచి, రెండో కొస నుంచి గట్టిగా ఊదండి. బుడగలొస్తే ఎర్ర ఓక్. తెల్ల ఓక్ చేవలో రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి, అందుకే దాన్ని పీపాలకు వాడతారు. మందు ఎక్కించిన చెక్కను మాత్రం నోటి దగ్గరికి తేవద్దు.

6. పోల్చడం
పేరు తెలిసిన చెక్క ముక్కను ఇలాగే కోసి పక్కన పెట్టి చూడండి. ఫొటోలతో పోల్చడం కన్నా ఇది మేలు. ఇన్‌సైడ్‌వుడ్ అనే ఉచిత ఆన్‌లైన్ డేటాబేస్ ఉంది గానీ, అందులో ఎక్కువ భాగం సూక్ష్మదర్శిని లక్షణాలే. లూప్‌తో చాలాసార్లు ప్రజాతి దాకానే తేలుతుంది: ఓక్ అని తెలుస్తుంది, ఏ ఓక్ అన్నది తెలియదు. బల్లకో పెట్టెకో అది చాలు. రోజ్‌వుడ్ అనిపిస్తే, చేసిన వస్తువును దేశం దాటించేముందు నిపుణుల చేత ఖాయం చేయించుకోండి. రోజ్‌వుడ్‌ల ప్రజాతి అయిన డాల్బెర్జియా మొత్తం 2017 నుంచి సైటీస్ (ముప్పున్న మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) నియంత్రణలో ఉంది.

ఎంత చూసినా పేరు తేలకపోతే ఆ చెక్కతో కూరగాయలు తరిగే పలకలు, గరిటెలు చేయకండి. కోసేటప్పుడు మాస్కు తీయకండి.