ఆషాఢంలో మిషన్ మీద చీర కప్పేయండి

ఇంట్లో మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుట్టే మనలాంటి వాళ్లకి సెలవు ఎవరూ ఇవ్వరు. మా శ్రీకాకుళంలో దానికి ఆషాఢమే మంచి అదను. పెళ్లిళ్లుండవు, గిరాకీ పలచబడుతుంది. కొత్త కోడళ్లు పుట్టింటికి పోతారు. పాత కోడళ్లకి ఆ వంక లేదు, మా అమ్మ పోయాక నాకు పుట్టిల్లూ లేనట్టే. అందుకే పాడ్యమి నుంచి తొలి ఏకాదశి దాకా నా సెలవు నేనే రాసుకుంటాను.

డబ్బు సంగతి ముందే చూసుకోవాలి. వైశాఖం పెళ్లిళ్ల కుట్టుకూలిలోంచి ఈ పది రోజుల ఖర్చు పక్కన పెట్టండి. జ్యేష్ఠంలోనే గుడ్డ తెచ్చినవాళ్లకి "ఏకాదశి వెళ్లాక తీసుకురండమ్మా" అని చెప్పేయండి. కారణం చెప్పొద్దు. మనసు బాగోలేదన్నారా, "ఖాళీగా ఉంటే ఇంకా ఎక్కువైపోద్ది, ఏదో ఒకటి కుట్టుకో" అంటారు. గుడ్డ మాత్రం ఇంట్లో ఉంచుకోకండి. సంచి కనబడితే చెయ్యి కత్తెర మీదికే పోతుంది.

మోటారు ప్లగ్గు తీసి, మిషన్ మీద పాత చీర కప్పండి. మొదట్లో చేతులు ఊరుకోవు. అటక సర్దుదామా, డబ్బాలు తోముదామా అనిపిస్తుంది. అదీ పనే. మధ్యాహ్నం ఇంత చోడి (రాగి) అంబలో, చల్లన్నమో తిని నడుం వాల్చండి. నిద్ర పట్టకపోయినా సరే, మెడకీ కళ్లకీ అదే మందు.

మోత ఆగాక ఏడుపొస్తుంది. రానివ్వండి, అసలు సెలవు దానికోసమే. నేనైతే అమ్మ పెట్టె తీస్తాను. ఆవిడ జాకెట్లు నాకు వదులు. ఊళ్లో అందరివీ ఆల్టర్ చేస్తాను గానీ వాటి కుట్టు విప్పను. ఒక్కరే ఉండలేకపోతే చెల్లికో వదినకో ఫోన్ చేసి, "సలహా చెప్పకు, విను చాలు" అని ముందే అనండి. ఆ మాట అనకపోతే గంటసేపు వాళ్లే మాట్లాడతారు!

ఒకరోజు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి కళింగపట్నం వెళ్లండి. వంశధార సముద్రంలో కలిసేది అక్కడే. ఆదివారం వద్దు, జనం.

రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి లేకుండా, దేనిమీదా మనసు పోకుండా ఉంటే అది విశ్రాంతితో తీరేది కాదు, డాక్టరుకి చూపించాలి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఆ క్షణమే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని, 2022లో కేంద్రం పెట్టింది. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఏకాదశి దాటగానే శ్రావణం బ్లౌజులు వచ్చి పడతాయి. రోజుకి ఎన్ని కుట్టగలరో అన్నే పుస్తకంలో రాసుకోండి. వరలక్ష్మీ వ్రతానికి అర్జెంటన్నవాళ్లకి లైనింగు లేనివి మాత్రమే ఒప్పుకోండి.