డయాగ్రామ్ బాగానే ఉంది, బిల్లు మాత్రం రెండుసార్లు వస్తోంది

ఒక పని ఏ వరుసలో జరగాలో గుర్తులతో, బాణాలతో చూపే బీపీఎంఎన్ డయాగ్రామ్ గీశారు, అందరూ చూసి సరే అన్నారు, టూల్ కూడా ఎక్కడా ఎర్రగా చూపలేదు. తీరా నడిపితే ఒకే ఆర్డర్‌కు రెండు బిల్లులు. లేదంటే పని మధ్యలో ఆగిపోయి ఎంతకీ కదలదు.

లాగ్‌లు తవ్వే ముందు ఒక నాణెం తీసుకుని మొదటి గుండ్రం మీద పెట్టి, బాణాల వెంట జరపండి. టూల్‌లో టోకెన్ సిమ్యులేషన్ (నాణెం లాంటి చుక్కను టూలే జరిపి చూపడం) ఉంటే అదైనా సరే. రెండు నిమిషాల పని, అయినా ఎవరూ చేయరు. ప్లస్ గుర్తున్న డైమండ్ దగ్గర ఎన్ని దారులుంటే అన్ని నాణేలవుతాయి. ఎక్స్ దగ్గర ఒక్క నాణెం ఒక్క దారినే పోతుంది. గుర్తు లేని ఖాళీ డైమండ్ కూడా ఎక్స్ కిందే లెక్క.

బిల్లు రెండుసార్లు వస్తుంటే

దీని దెబ్బ నేనూ తిన్నాను. ఆర్డర్ రాగానే ప్లస్ పెట్టి, ‘స్టాక్ చూడు’, ‘క్రెడిట్ చూడు’ అని రెండు పనులుగా విడదీశాం. రెండింటి బాణాలూ తిన్నగా ‘బిల్లు తయారు చేయి’ పెట్టెలోకి. ఎవరు చూసినా ‘రెండూ అయ్యాక బిల్లు’ అనే చదువుతారు. కానీ 2011 నాటి బీపీఎంఎన్ 2.0 లెక్కలో పెట్టె దేన్నీ కలపదు, నాణెం వచ్చిన ప్రతిసారీ పని మొదలుపెడుతుంది. స్టాక్ ముందు తేలితే, క్రెడిట్ సంగతి తేలకుండానే ఒక బిల్లు వెళ్లిపోతుంది. తర్వాత ఇంకొకటి. ఇలా గీయడం నిబంధనల ప్రకారం తప్పు కాదు, అందుకే చాలా టూల్స్ నోరు మెదపవు. బిల్లింగ్ ప్రోగ్రామ్‌లో బగ్ ఉందని మూడు రోజులు వెతికాను, పాపం ఆ ప్రోగ్రామ్ చెప్పిన పనే చేసింది. పెట్టెకు ముందు ఇంకో ప్లస్ డైమండ్ పెట్టి, రెండు బాణాలూ అందులోకి తిప్పితే సరిపోయింది. కలిపేచోట ప్లస్ నాణేలన్నీ వచ్చేదాకా ఆగి, ఒక్కటిగా పంపుతుంది.

ఇదే తప్పు తలకిందులుగానూ వస్తుంది. పెట్టె నుంచి డైమండ్ లేకుండా రెండు బాణాలు బయటికి గీస్తే అది ప్లస్‌తో సమానం. బాణాల మీద ‘అవును’, ‘కాదు’ అని రాసినా అవి పేర్లే, షరతులు కావు. రెండు దారులూ నడుస్తాయి. అక్కడ ఎక్స్ పెట్టి, షరతు ఇవ్వండి.

మధ్యలో ఆగిపోతే

ఎక్స్‌తో విడదీసి ప్లస్‌తో కలిపి ఉంటారు. ఎప్పటికీ రాని రెండో నాణెం కోసం ఆ ప్లస్ కాచుకుని కూర్చుంటుంది. కలిపేచోట కూడా ఎక్స్ పెట్టండి. ‘సరిదిద్ది మళ్లీ పంపు’ బాణం వెనక్కి వచ్చి కలిపే ప్లస్‌లో పడినా ఇదే గతి.

పూల్ (ఒక సంస్థ లేదా భాగస్వామి పనులుండే పెద్ద పెట్టె) దాటి మామూలు బాణాన్ని చాలా టూల్స్ గీయనివ్వవు, గీసి ఉంటే దాన్ని తెగిన గీతల మెసేజ్ బాణంగా మార్చండి. గుండ్రం గుర్తున్న డైమండ్ (షరతు కుదిరిన దారులన్నిటికీ నాణేలు పంపేది) వల్ల ఇబ్బంది వచ్చిందంటే, చాలాసార్లు అక్కడ దాని అవసరమే ఉండదు.