పాత జీపులోకి వాన నీళ్లు: దారి దొరికాకే మూయండి

కాళ్ల కింద మ్యాటు తడిసిందనగానే సీలెంట్ ట్యూబు పట్టుకుని కనిపించిన సందల్లా నింపేస్తుంటారు. దయచేసి ఆ పని చెయ్యకండి. నీళ్లు దిగే చోటు వేరు, దూరే చోటు వేరు. పైకప్పు అతుకులో దూరిన చుక్క ముందద్దం పక్క పిల్లర్ లోపలి నుంచి జారి, డాష్‌బోర్డు వెనక వైర్ల వెంట పాకి, పెడళ్ల దగ్గరో ఫ్యూజు బాక్సు మీదో పడుతుంది.

అవి వాన నీళ్లేనా అన్నది ముందు తేల్చుకోండి. జిగటగా ఉండి తియ్యటి వాసన వస్తే అది కూలెంట్, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం. హీటర్ కోర్ (ఆ వేడి ద్రవంతో లోపలి గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్) చూడాలి. ఎండ రోజు ఏసీ వేసినప్పుడే తడుస్తుంటే ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయి ఉంటుంది.

ఇక వెతుకులాట. మ్యాట్లు, కార్పెట్, దాని కింది ఫోమ్ అన్నీ బయటికి తీసెయ్యండి. ఆ ఫోమ్ పైకి పొడిగా కనిపిస్తూనే అడుగున వారాల తరబడి తడి పట్టి ఉంచుతుంది. ఫ్లోరుకు తుప్పు పట్టేది అక్కడే. లోపలంతా తుడిచి, ఆరాక, అతుకుల వెంట టాల్కం పౌడరు చల్లితే నీళ్లు నడిచిన జాడ గీత గీసినట్టు కనిపిస్తుంది. ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి, ఒకరు బయట పైపు పట్టాలి. ధార సన్నగా ఉండాలి, కింది నుంచి పైకి రావాలి, ఒక్కో చోట కొన్ని నిమిషాలు ఆగాలి. పైనుంచి మొదలుపెడితే కారే నీళ్లు కింది సందులన్నిటినీ తడిపేసి, తప్పు దేనిదో తెలియనివ్వవు. ప్రెషర్ వాషర్ అసలు వద్దు. వాన ఎన్నడూ వెళ్లని చోటికి కూడా అది నీళ్లు నెట్టేస్తుంది.

నాకు బాగా నమ్మకమైన పరీక్ష ఇంకోటుంది. అద్దాలన్నీ మూసి, బయటి గాలి తీసుకునేలా పెట్టి, బ్లోయర్ ఫుల్లుగా తిప్పండి. బయట అతుకుల మీద బ్రష్షుతో సబ్బు నీళ్లు పూయండి. గాలి బయటికొచ్చే చోట బుడగలు లేస్తాయి.

ముందద్దం రబ్బరు మూలలు, పైకప్పు అంచు అతుకు, క్యారియర్ బోల్టులు, యాంటెన్నా అడుగు, ఇంజను వైపు నుంచి వైర్లు లోపలికొచ్చే రంధ్రాల్లోని రబ్బరు రింగులు, అంటే గ్రోమెట్లు: నేను ముందుగా చూసేవి ఇవి. పాత బండికి లైట్లనీ హారన్లనీ ఎవరో ఒకరు కొత్త రంధ్రం చేసి, గ్రోమెట్ లేకుండా వైరు లాగి ఉంటారు. ఆ వైరు రంధ్రానికి ముందు కాస్త కిందికి వంగి పైకి లేచేలా కట్టండి. నీళ్లు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి.

తలుపుల సంగతి మాత్రం చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. కిటికీ అద్దం పక్క నుంచి తలుపు లోపలికి నీళ్లు రావడం మామూలే. కింది రంధ్రాల గుండా అవి బయటికి పోవాలి. ఆ రంధ్రాలు మట్టితో పూడితే పుల్లతో తీసెయ్యండి, సీలెంట్‌తో మూసేశారో తలుపు అడుగును తుప్పు తినేస్తుంది. డోర్ ప్యాడ్ వెనకున్న ప్లాస్టిక్ షీటు చిరిగితే కొత్తది అతికించి, దాని కింది అంచును తలుపు లోపలికి మడవండి. బీడింగ్ (తలుపు చుట్టూ ఉండే రబ్బరు) మార్చేముందు కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగి చూడండి. జారి వచ్చేస్తే ముందు కీళ్లు, లాక్ స్ట్రైకర్ (తలుపు లాక్ పట్టుకునే కొక్కెం) సరిచెయ్యాలి. తలుపు వాలి ఉంటే ఎంత ఖరీదైన రబ్బరూ ఆనదు.

ఇప్పుడు సీలెంట్. పుల్లటి వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ వాడొద్దు. అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం ఇనుమును తినేస్తుంది, పైన పెయింటూ నిలవదు. అతుకులకు పాలీయూరితేన్, విప్పి బిగించే బోల్టు జాయింట్లకు బ్యూటైల్ టేపు (మెత్తగా అంటుకునే రబ్బరు పట్టీ) మంచివి. పాత సీలెంట్ పూర్తిగా గీకి, తుప్పు తీసి, ప్రైమర్ వేశాకే ఏదైనా పూయాలి. ఇనుప ఫ్రేము మీద అల్యూమినియం రేకు కూర్చునే బండైతే రెంటి మధ్య గాస్కెట్ (రబ్బరు లాంటి పొర) తప్పనిసరి. రెండు లోహాలూ నేరుగా ఆనుకున్నచోట తడి తగిలితే అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోయి అతుకు మళ్లీ తెరుచుకుంటుంది. రబ్బర్లకు మామూలు గ్రీజు రాస్తే ఉబ్బుతాయి, సిలికాన్ గ్రీజు రాయండి.

ట్యూబు మీద రాసినంత సేపు ఆరనిచ్చి, మళ్లీ పైపుతో పరీక్షించండి. ఒక గట్టి వాన పడి ఫ్లోరు పొడిగా ఉందని తేలేదాకా కార్పెట్ వెయ్యకండి.