మడ అడవిలో చేపల వేటకు సామూహిక హక్కు: దరఖాస్తు విధానం

తవ్వకాల మట్టి మడ అడవి పాయల్లోకి చేరి పేరుకుంటే తెల్లమడ చెట్ల శ్వాసవేర్లు కూరుకుపోతాయి. ఆ వేర్ల మధ్య పెరిగే రొయ్య పిల్లలు, మండపీతలు, పండుగప్ప పిల్లలకు నీడ పోతుంది. ఇలాంటి చోట తరతరాలుగా వేటాడుతున్న గ్రామం ఆలస్యం చేయకుండా వాడుకోవలసింది 2006 అటవీ హక్కుల చట్టాన్ని. సెక్షన్ 3(1)(డి) చేపలు, ఇతర నీటి ఉత్పత్తులపై సామూహిక హక్కును గుర్తిస్తుంది. అభయారణ్యాలకూ ఇది వర్తిస్తుంది.

అడవిపై ఆధారపడి బతికే షెడ్యూల్డ్ తెగలవారు అర్హులు. ఇతరులైతే 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడ నివసిస్తున్నట్టు చూపాలి.

సామూహిక హక్కుకు ఫారం-బి వాడాలి. ఇది ఉచితం. గ్రామసభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీ దాన్ని నింపుతుంది. కనీసం రెండు ఆధారాలు కావాలి: పాత పటాలు, సర్వే రికార్డులు, అటవీ శాఖ ప్రణాళికలు, పెద్దల వాంగ్మూలాన్ని రాసిన పత్రం వంటివి. ఫలానా పత్రమే కావాలని అధికారులు పట్టుబట్టకూడదు. సంప్రదాయ చేపల వేట స్థలాలను కూడా ఒక ఆధారంగా చట్టం నిబంధనలే పేర్కొన్నాయి.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ దరఖాస్తు కోసం మీరు గీసే పటం మీద పెట్టండి. ప్రతి పాయనూ ఊళ్లో పిలిచే పేరుతోనే గుర్తించండి. ఏ కాలంలో ఏ వల వేస్తారో, పీతలు ఎక్కడ పడతారో రాయండి. మట్టితో పూడిపోయిన పాయలను వదిలేయకండి. అక్కడ ఇదివరకు వేటాడినవారి మాటలు జతచేయండి. పటంలో లేని పాయ గురించి తర్వాత వాదించడం చాలా కష్టం.

సెక్షన్ 5 ప్రకారం అడవిని, నీటివనరులను కాపాడే అధికారం, బాధ్యత హక్కుదారులకు, గ్రామసభకు ఉన్నాయి. కాబట్టి చిన్నకన్ను వలలు వాడబోమని, మడ చెట్లు నరకబోమని, గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపుతామని తీర్మానంలోనే రాయడం మంచిది. ఊరే పెట్టుకున్న కట్టుబాటుకు విలువ ఎక్కువ.

గ్రామసభకు కనీసం సగం మంది సభ్యులు రావాలి, వారిలో మూడో వంతు మహిళలుండాలి. కమిటీ స్థల పరిశీలన చేశాక సభ తీర్మానం చేసి సబ్ డివిజనల్ స్థాయి కమిటీకి పంపుతుంది. తుది నిర్ణయం కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీది. గ్రామసభ తీర్మానంపై అభ్యంతరముంటే 60 రోజుల్లో సబ్ డివిజనల్ కమిటీకి, దాని నిర్ణయంపై మళ్లీ 60 రోజుల్లో జిల్లా కమిటీకి వెళ్లవచ్చు. దరఖాస్తు ఇచ్చినప్పుడు రసీదు తప్పక తీసుకోండి. హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా అర్హులను వారి స్వాధీనంలోని అటవీ భూమి నుంచి ఖాళీ చేయించకూడదని సెక్షన్ 4(5) చెబుతోంది. తవ్వకాలు దగ్గరకొస్తున్న ఊరికి ఈ రక్షణే ముఖ్యం.